ఈసీయూ ఫైలు మొత్తాన్ని 15 శాతం పెంచితే బండి ఎందుకు మొరాయించింది

మీరు రాసినది ముందు రెండు మాటల్లో చెప్పి మొదలుపెడతాను. రెండు లీటర్ల కామన్ రైల్ డీజిల్ బండి, అందులో ఈడీసీ17 రకం ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్. బండిలో లోపాలు చదివే ఓబీడీ పోర్టు నుంచి ఈసీయూ ఫైలు తీసి, అందులోని మ్యాపులను, అంటే ఈసీయూ చూసి నడుచుకునే అంకెల పట్టికలను, తనంతట తానే వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో తెరిచారు. మొదటిసారి పెడల్ మ్యాపు ఒక్కదాన్నే 15 శాతం పెంచారు. బండి కాస్త చురుగ్గా కదిలినట్టు అనిపించింది గానీ పూర్తిగా తొక్కినప్పుడు బలంలో ఏ తేడా లేదు. రెండోసారి సాఫ్ట్‌వేర్ చూపించిన మ్యాపులన్నిటినీ ఎంపిక చేసి ఒకే దెబ్బకు 15 శాతం పెంచారు. ఈసారి వెనక నల్లటి పొగ, 3,000 ఆర్‌పీఎం దాటగానే లింప్ మోడ్ (ఈసీయూ తనే బలం తగ్గించేసే స్థితి), పీ0299 అనే లోపం కోడ్. రెండుసార్లూ బండి నడిపినప్పటి కొలతలు నమోదైన లాగ్‌లు జతచేసి, "ఇంకా ఏ మ్యాపు పెంచడం మరిచిపోయాను?" అని అడిగారు. చివర్లో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ గురించి కూడా ఒక మాట అడిగారు. దానికి నేనూ చివర్లోనే వస్తాను.

మీరు మరిచిపోయింది ఏదీ లేదు. ముట్టుకోకూడనివి ముట్టుకున్నారు, అంతే. నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో ఫైలు అంటే ఈసీయూ బోర్డు మీద గుచ్చి ఉండే 27సీ256 చిప్పు. అందులో పట్టేది 32 కిలోబైట్లు. దాని నెత్తి మీది చిన్న గాజు కిటికీ గుండా అతినీలలోహిత కాంతి ఇరవై నిమిషాల పాటు పడితే తప్ప పాత సమాచారం చెరిగేది కాదు. ఆ ఇరవై నిమిషాలూ చేతులు కట్టుకుని కూర్చుని, తర్వాత రాయబోయే అంకె సరైనదేనా అని మళ్లీ మళ్లీ ఆలోచించుకునేవాళ్లం. ఇప్పుడు ఫైలు 2 మెగాబైట్లో 4 మెగాబైట్లో ఉంటుంది, మౌస్‌తో నాలుగు గీతలు గీస్తే వంద మ్యాపులు మారిపోతాయి. మీకు జరిగింది ఈ వేగం వల్లనే.

ఈడీసీ17 లాంటి ఈసీయూలో మీ కాలు అడిగేది ఇంధనాన్ని కాదు, టార్క్‌ను, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని. పెడల్ ఎంత తొక్కారు, ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది అనే రెండు సంగతులు చూసి, పెడల్ మ్యాపు "ఇంత టార్క్ కావాలి" అని ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె నేరుగా డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ దగ్గరికి వెళ్లదు. దారిలో టార్క్ లిమిటర్ ఉంటుంది, గేర్‌బాక్స్ తరఫున ఇంకొక పరిమితి ఉంటుంది, ఇంజిన్ వేడెక్కితే మరొకటి అడ్డుపడుతుంది. వీటిలో అన్నిటికంటే చిన్న అంకె ఏదో దాన్నే ఈసీయూ తీసుకుంటుంది. తీసుకుని దాన్ని ఇంధనంగా మారుస్తుంది, అంటే ఒక్కో స్ట్రోక్‌కు ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్క కడుతుంది. అక్కడ మళ్లీ పొగ లిమిటర్ కాపలా ఉంటుంది. లోపలికి వచ్చిన గాలికి ఇంతకు మించి డీజిల్ పోయకూడదని అది చెబుతుంది. మళ్లీ చిన్న అంకెదే పైచేయి. ఇవన్నీ దాటాకే రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, పీడనం ఎంత, ఇంజెక్టర్ ఎన్ని మైక్రోసెకన్లు తెరుచుకోవాలి, ఎప్పుడు తెరుచుకోవాలి అన్నవి తేలుతాయి.

వేర్వేరు ఎత్తుల్లో చిల్లులున్న కుండను ఊహించుకోండి. నీళ్లు ఎన్ని పోసినా అన్నిటికంటే కింది చిల్లు దగ్గరే మట్టం ఆగిపోతుంది. పై చిల్లులు ఎన్ని పూడ్చినా వెంట్రుకవాసి కూడా పెరగదు. మొదటిసారి మీరు చేసింది నీళ్లు ఇంకాస్త జోరుగా పోయడం. సగం తొక్కిన పెడల్‌కు మునుపటికంటే ఎక్కువ టార్క్ వచ్చింది కాబట్టి చురుకుదనం కనిపించింది. పూర్తిగా తొక్కినప్పుడు పాత చిల్లు దగ్గరే ఆగింది. ఆ చిల్లు ఎక్కడుందో లాగ్ చూసి కనుక్కోవడమే ఈ పనిలో ముప్పాతిక భాగం. ఫైలు దిద్దడం మిగిలిన పావు.

ఇక రెండో ప్రయత్నం. దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఒకే మీటతో బలం పెంచుతామనే సాఫ్ట్‌వేర్లు చాలావరకు చేసేది కూడా ఇదే.

ముందు పొగ సంగతి. మీ లాగ్‌లో 2,200 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో స్ట్రోక్‌కు గాలి 900 మిల్లీగ్రాములు ఉంది. అసలు ఫైలులో అక్కడ ఇంధనం 50 మిల్లీగ్రాములు. 900ను 50తో భాగిస్తే 18. డీజిల్ పూర్తిగా మండడానికి కావలసిన నిష్పత్తి సుమారు 14.5 కాబట్టి లాంబ్డా, అంటే ఉన్న గాలి కావలసినదానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1.24. అంటే గాలి కాస్త మిగులుతుంది, పొగ కనిపించదు. మీరు పొగ లిమిటర్‌ను 15 శాతం ఎత్తారు, ఇంధనం 57.5 అయింది, గాలి మాత్రం అక్కడే ఉంది. లాంబ్డా 1.08కి పడింది. డీజిల్‌కు ఇదే ఇరుకు. అయితే అసలు కథ ఇక్కడితో ఆగలేదు. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం చెప్పే మ్యాపును కూడా మీరు అదే జాబితాలో 15 శాతం పెంచారు. 57.5 మిల్లీగ్రాములకు పట్టే సమయం ఇంత అని ఆ మ్యాపు నిజాయితీగా చెప్పేది. మీరు దాన్ని సాగదీశారు. అంటే 15 శాతం మీద మరో 15 శాతం. సిలిండర్‌లో పడింది సుమారు 66 మిల్లీగ్రాములు. ఇప్పుడు 900ను 66తో భాగించండి. 13.6 వస్తుంది, లాంబ్డా 0.94. అంత డీజిల్ మండడానికి లోపల గాలే లేదు. వెనక వచ్చింది పొగ కాదు, మండని మీ డీజిలే.

ఇందులో మరో మెలిక ఉంది. మీ లాగ్‌లో ఇంధనం 57.5 అనే కనిపిస్తోంది. 66 అని ఎక్కడా లేదు. ఎందుకంటే ఈసీయూ తాను అడిగిన అంకెనే లాగ్‌లో రాస్తుంది, ఇంజెక్టర్ నుంచి నిజంగా ఎంత పడిందో కొలిచే సాధనం దానికి లేదు. ఇంజెక్టర్ సమయపు మ్యాపు అంటే ఈసీయూ లెక్కల పుస్తకం. దాన్ని తిరగరాసి బలం తెప్పించేవాళ్లు ఉన్నారు. తక్కువ మ్యాపులతో పని అయిపోతుంది కనుక వాళ్లకు సులువు. నాకు మాత్రం ఆ పద్ధతి అస్సలు గిట్టదు. ఈసీయూ లెక్క కట్టే టార్క్ తప్పవుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆ తప్పుడు అంకెను నమ్మి క్లచ్‌ల మీద తక్కువ ఒత్తిడి పెడుతుంది, అవి జారతాయి. డీపీఎఫ్‌లో మసి ఎంత పేరుకుందో అంచనా కట్టే లెక్కా గతి తప్పుతుంది. మీటర్‌లో కనిపించే మైలేజీ అబద్ధం చెబుతుంది. ఇంజెక్టర్ మార్చినప్పుడు తప్ప ఆ మ్యాపులోని గళ్ల జోలికి వెళ్లకండి.

అక్షాల సంగతి, అంటే మ్యాపు అంచున ఏ వరుస దేనికో చెప్పే అంకెల సంగతి, దీనికి భిన్నం. ఆ మ్యాపులో ఇంధనపు అక్షం 60 మిల్లీగ్రాముల దగ్గర ముగిసిందనుకోండి. మీరు 68 అడిగితే ఈసీయూ ఊహించి లెక్క కట్టదు, చివరి వరుసలోని అంకెనే ఇస్తుంది. అంటే 60కి సరిపడే సమయమే. లిమిటర్లన్నీ సరిగ్గా ఎత్తినా బలం రావడం లేదని తల పట్టుకునేవాళ్లలో చాలామందిని ఆపుతున్నది ఈ అక్షం చివరే. అలాంటప్పుడు అక్షం చివరి బిందువును 60 నుంచి 68కి జరిపి, ఆ వరుసలోని సమయాన్ని ముందున్న వరుసల వాలును బట్టి మళ్లీ లెక్క కట్టి రాయాలి. అక్షం జరిపి గళ్లు వదిలేసినా తప్పే, గళ్లు మార్చి అక్షం వదిలేసినా తప్పే.

సమయం పెంచినప్పుడు ఇంకొక లెక్క చూసుకోవాలి. 4,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక్క డిగ్రీ తిరగడానికి 0.042 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక మిల్లీసెకను ఇంజెక్షన్ అంటే 24 డిగ్రీలు. దాన్ని 15 శాతం సాగదీస్తే 27.6 డిగ్రీలు. పిస్టన్ కిందికి దిగిపోతుంటే దాని వెనక డీజిల్ పోస్తూ ఉంటారన్నమాట. అది టార్క్‌గా మారడం తగ్గి వేడిగా మారడం పెరుగుతుంది. ఆ వేడి ఎగ్జాస్ట్ వాల్వుల మీద, టర్బో మీద పడుతుంది.

ఇప్పుడు లింప్ మోడ్ సంగతి. టర్బో నొక్కి పంపే గాలి పీడనమే బూస్ట్. పీ0299 అంటే కోరిన బూస్ట్ రాలేదని అర్థం. మీకు విడ్డూరంగా అనిపించిందన్నారు. బూస్ట్ పెంచితే బూస్ట్ తక్కువైందని కోడ్ పడడమేమిటి అని. లాగ్‌లో రెండు గీతలు చూడండి. కోరిన బూస్ట్ 2,645 మిల్లీబార్. అసలు ఫైలులోని 2,300ను 15 శాతం పెంచితే వచ్చేది ఇదే. వచ్చిన బూస్ట్ గీత పైకి ఎగబాకి 2,520 దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు బల్లపరుపుగా నిలబడింది. టర్బో ఇచ్చే గాలి ఎప్పుడూ అలా తిన్నగా ఉండదు, కాస్త అటూ ఇటూ ఊగుతుంది. తిన్నటి గీత కనిపించిందంటే సెన్సర్ తన కొలత చివరికి వచ్చేసిందని అర్థం. మీ ఇంజిన్‌లోని సెన్సర్ సుమారు 2.5 బార్ వరకే కొలుస్తుంది. లోపల నిజంగా 2,600 ఉందో 2,900 ఉందో దానికి తెలియదు. ఈసీయూ మాత్రం ఇంకా రాలేదనుకుని, ఎగ్జాస్ట్ దారిని ఇరుకు చేసి టర్బోను జోరుగా తిప్పే రెక్కలను మరింత మూసింది, టర్బో ఇంకా వేగంగా తిరిగింది, అంకె మాత్రం కదల్లేదు. కాసేపు చూసి కోడ్ వేసి బలం తగ్గించేసింది. ఆ లింప్ మోడే మీ టర్బోను కాపాడింది. దాన్ని తిట్టుకోకండి.

ఇక్కడే 15 శాతం అనే మాటలోని మోసం చూడండి. ఫైలులో బూస్ట్ అంకె వాతావరణ పీడనాన్ని కలుపుకున్నది. 2,300లో సుమారు 1,000 బయటి గాలిదే. టర్బో అదనంగా ఇచ్చేది 1,300. మీరు 2,645 అడిగితే టర్బో వాటా 1,645 అయింది. అంటే టర్బో మీద మీరు వేసిన అదనపు బరువు 15 శాతం కాదు, 26 శాతానికి పైనే. అదే ఎత్తైన ప్రాంతంలో ఇంకా కష్టం. సముద్ర మట్టానికి 2,000 మీటర్ల ఎత్తున వాతావరణ పీడనం 795 మిల్లీబార్ల చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ అసలు ఫైలులోని 2,300 రావాలన్నా టర్బో గాలిని 2.3 రెట్లకు బదులు 2.9 రెట్లు నొక్కాలి. అందుకే ఫైలులో ఎత్తును బట్టి బూస్ట్ తగ్గించే మ్యాపు వేరే ఉంటుంది. మీరు దాని అంకెలను కూడా పెంచేశారు.

ఉష్ణోగ్రతలదీ ఇదే వరస. చాలా ఫైళ్లలో ఉష్ణోగ్రతను కెల్విన్‌లో పదో వంతులుగా రాస్తారు. 90 డిగ్రీల సెల్సియస్ అంటే ఫైలులో 3631. మీ జాబితాలో సెన్సర్ పట్టిక ఒకటి చేరి, దాన్ని 15 శాతం పెంచి ఉంటే అది 4176 అవుతుంది. అంటే 144 డిగ్రీలు దాటినట్టు. గోరువెచ్చగా ఉన్న ఇంజిన్ ఉడికిపోతోందని ఈసీయూ అనుకుంటుంది. శాతం అన్నది కేవలం కంప్యూటర్‌కు అర్థమయ్యే లెక్క, ఆ గడిలోని అంకె దేన్ని కొలుస్తోందో తెలిసినప్పుడే అది మనకు పనికొస్తుంది.

మ్యాపులు తనంతట తానే వెతికే సాఫ్ట్‌వేర్‌కు అర్థాలు తెలియవని గుర్తుంచుకోండి. వరుసగా పెరుగుతూ పోయే అంకెలు కనబడితే అది అక్షమని, దాని పక్కన నున్నటి ఆకారం కనబడితే అది మ్యాపని అనుమానిస్తుంది. అంతకు మించి ఏమీ చేయదు. అది పొగ లిమిటరో, ఫ్యాన్ వేగమో మనమే తేల్చాలి. ఏ మ్యాపు ఎక్కడుందో చెప్పే చిట్టా, అంటే ఏ2ఎల్ ఫైలు గానీ డ్యామోస్ గానీ, మీ ఈసీయూ సాఫ్ట్‌వేర్ నంబరుకు సరిగ్గా సరిపడేది దొరికితే ప్రతి మ్యాపుకూ పేరు, చిరునామా, గుణకం దొరుకుతాయి. ఫైళ్లు దిద్దే విన్‌ఓఎల్‌ఎస్ సాఫ్ట్‌వేర్ ఖరీదైనదే అయినా వృత్తిగా చేసేవాళ్లు దాన్ని వదలకపోవడానికి ఈ ఫైళ్లను తెరవగలగడం ఒక కారణం. అలాంటిదే అయిన ట్యూనర్‌ప్రోలో ఎక్స్‌డీఎఫ్ నిర్వచనాలు ఇదే పని చేస్తాయి. కానీ అదే మోడల్‌కు చెందిన వేరే సాఫ్ట్‌వేర్ నంబరు మ్యాపు ప్యాకును తెచ్చి మీ ఫైలు మీద పరిస్తే చిరునామాలు కొన్ని బైట్లు పక్కకు జరిగి ఉంటాయి. చూడడానికి మ్యాపులాగే ఉంటుంది, మొదటి రెండు గళ్లు మాత్రం పక్కింటివి.

అనుమానం తీర్చుకునే మార్గం అక్షాన్ని చదవడం. ఫైలులోని బైట్లను 16 ఆధారపు అంకెల్లో చూపే హెక్స్ కిటికీలో ఒకచోట 20 03, 40 06, 60 09 అని బైట్లు వరుసగా కనిపించాయనుకోండి. ఈడీసీ17లో ఉండే ట్రైకోర్ ప్రాసెసర్ చిన్న బైటును ముందు రాస్తుంది. కాబట్టి మొదటి జతలో 03ను 256తో హెచ్చించి, హెక్స్‌లో 20 అయిన 32ను కలపండి. 800 వస్తుంది. తర్వాతివి 1,600, 2,400. ఇది ఇంజిన్ వేగపు అక్షమని చంటిపిల్లాడికి కూడా అర్థమవుతుంది. అదే బైట్లను తిరగేసి చదివితే 8,195, 16,390, 24,585 వస్తాయి. ఇవి కూడా వరుసగా పెరిగేవే, అందుకే సాఫ్ట్‌వేర్ వీటినీ అక్షమే అనుకుంటుంది. ఈడీసీ16లో పవర్‌పీసీ ప్రాసెసర్, అక్కడ పెద్ద బైటే ముందు వస్తుంది. ఒకదాని అలవాటుతో రెండోదాన్ని తెరిచి, అర్థం లేని కొండలూ లోయలూ చూస్తూ గంటలు పోగొట్టుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ని.

సరే, ఇక మీ అసలు ఫైలు గురించి ఒక ప్రశ్న. ఓబీడీ ద్వారా చదివానన్నారు. మీ సాధనం నిజంగా ఈసీయూ నుంచి చదివిందా, లేక ఈసీయూ సాఫ్ట్‌వేర్ నంబరు మాత్రం అడిగి ఆ నంబరుకు చెందిన ఫైలును తన సర్వర్ నుంచి తెచ్చి ఇచ్చిందా? చాలా ఈడీసీ17లలో ఓబీడీ ద్వారా చదవడానికి వీలుండదు, అందుకని సాధనాలు రెండో పని చేస్తాయి. చదవడం రెండు నిమిషాల్లో అయిపోయిందంటే నాకు రెండోదే అనిపిస్తుంది. దానితో పని జరుగుతుంది. అయితే బండి మీ చేతికి రాకముందే ఎవరైనా ఫైలు మార్చి ఉంటే ఆ సంగతి మీకు కనిపించదు. ఈసీయూను బయటికి తీసి బల్ల మీద నేరుగా వైర్లు తగిలించో, ప్రాసెసర్‌ను నేరుగా పలకరించే బూట్ మోడ్‌లోనో చదివితే ఈప్రామ్ అనే చిన్న మెమరీ భాగం, దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ సమాచారంతో సహా అంతా వస్తుంది. ఒకసారైనా ఆ పూర్తి ప్రతి తీసి, రెండు వేర్వేరు చోట్ల దాచుకోండి.

ఫైలు చెడిపోలేదని ఈసీయూ సరిచూసుకునే సంఖ్య, చెక్‌సమ్, గురించి ఎక్కువ చెప్పను. అంకె మారితే చెక్‌సమ్ మారాలి, ఈడీసీ17లో దానికి తోడు ఆర్‌ఎస్‌ఏ అనే డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. మంచి సాధనం రాసేటప్పుడే వీటిని సరిచేస్తుంది. సరిచేసిందో లేదో రాయకముందే తెర మీద చూసుకోండి. లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు.

రాయడం గురించి మాత్రం చెప్పాలి. ఫ్లాష్ మెమరీని ముందు చెరిపి, తర్వాత రాస్తారు. మధ్యలో ఆగితే ఈసీయూలో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. కొన్నేళ్ల క్రితం ఒక బండికి రాస్తున్నాను. బ్యాటరీ కొత్తదే కదా అని మామూలు చార్జర్ తగిలించాను. ఈసీయూ ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లగానే రేడియేటర్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరగడం మొదలుపెట్టింది. చాలా బండ్లలో ఇది మామూలే, ఈసీయూ జవాబివ్వకపోతే ఫ్యాన్ తనంతట తాను జోరు అందుకుంటుంది. దానికి తోడు హెడ్‌లైట్లు కూడా వెలుగుతూనే ఉన్నాయి. చూస్తుండగానే వోల్టేజీ 13 నుంచి 12కు, అక్కడి నుంచి 11.6కు జారింది. ఎంత రాసిందో తెర మీద చూపే పట్టీ సగం దాటాక కదలడం మానేసింది. ఆ క్షణంలో కడుపులో ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఈసీయూ మూత ఊడదీసి, బూట్ మోడ్‌లో మళ్లీ బతికించేసరికి తెల్లవారింది. అప్పటి నుంచి వోల్టేజీని 13.5 దగ్గర కదలకుండా పట్టి ఉంచే సరఫరా లేకుండా నేను రాయడం మొదలుపెట్టను. ఫ్యాన్ ఫ్యూజు, లైట్లు, ఏసీ అన్నీ ముందే చూసుకుంటాను. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లే అమరికను కూడా ఆపేస్తాను.

ఇప్పుడు, ఫైలు ఎలా దిద్దాలో. మీ ఇంజిన్‌లో మార్పులేవీ లేవు కాబట్టి నేనైతే ఈ వరసలో వెళ్తాను. ముందు గాలి. సెన్సర్ కొలవగలిగే పరిధిలో, అంటే 2,450 మించకుండా బూస్ట్ లక్ష్యాన్ని 2,000 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్య మాత్రం ఎత్తుతాను. 3,500 తర్వాత క్రమంగా దించుతాను, ఎందుకంటే అక్కడ చిన్న టర్బో గాలి కంటే వేడే ఎక్కువ ఇస్తుంది. ఆ ఫైలుతో లాగ్ తీసి గాలి నిజంగా ఎంత పెరిగిందో చూస్తాను. పెరిగిన గాలికి లాంబ్డా 1.2 దిగకుండా ఎంత డీజిల్ పోయవచ్చో లెక్క కట్టి పొగ లిమిటర్‌లో ఆ అంకె రాస్తాను. ఆ డీజిల్ ఇచ్చే టార్క్ ఎంతో చూసి టార్క్ లిమిటర్‌ను అంత వరకే ఎత్తుతాను. పెడల్ మ్యాపు ఆఖరున, అవసరమైతేనే. రైలు పీడనం జోలికి ఇప్పుడు వెళ్లను. 1,600ను 15 శాతం పెంచితే 1,840 బార్. పంపూ ఇంజెక్టర్లూ దానికి తట్టుకునేవో కావో తెలియకుండా ఆ అంకె రాయడం జూదం.

1,800 ఆర్‌పీఎం కింద టార్క్ అస్సలు పెంచను. తక్కువ వేగంలో పెద్ద టార్క్ అంటే కనెక్టింగ్ రాడ్ల మీద, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ మీద, క్లచ్ మీద సుత్తి దెబ్బ లాంటిది. నడపడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, అందుకే అమ్మేవాళ్లు అక్కడే పెంచుతారు. గళ్ల మధ్య అంకెలను ఈసీయూ వాలును బట్టి కలుపుకుంటుంది కాబట్టి పెంచిన చోటు అంచుల్లో గోడలాంటి ఎత్తు రాకుండా నాలుగు గళ్ల మేర నున్నగా కలపండి. త్రీ-డీ బొమ్మ చూసినప్పుడు అసలు మ్యాపు ఆకారమే కాస్త ఎదిగినట్టు ఉండాలి, మధ్యలో పెట్టె బోర్లించినట్టు కాదు.

మరొకటి. ఈడీసీ17లో టార్క్ లెక్కను విడిగా సరిచూసే పర్యవేక్షణ పొర ఉంటుంది. డ్రైవరు అడిగినదానికంటే ఇంజిన్ ఎక్కువ ఇస్తోందని దానికి అనిపిస్తే ఇంధనం కోసేస్తుంది. పెడల్ ఇరుక్కుపోవడం, ఈసీయూ పిచ్చిగా ప్రవర్తించడం లాంటి ప్రమాదాల కోసం పెట్టిన కాపలా అది. మ్యాపులు ఒకదానికొకటి పొసిగేలా దిద్దితే అది మీకు అడ్డురాదు. అడ్డొచ్చిందంటే మీ లెక్కల్లో ఎక్కడో తప్పుంది. దాన్ని ఆపేసే చిట్కాలు చెప్పేవాళ్ల మాట వినకండి.

డీపీఎఫ్‌నూ, ఎగ్జాస్ట్ పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌నూ ఫైలులో తీసేయడం గురించి అడిగారు. నేను చేయను, ఎలా చేయాలో చెప్పను. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. పరీక్షలప్పుడు ఒకలా, రోడ్డు మీద మరోలా పొగను శుద్ధి చేసే సాఫ్ట్‌వేర్ పెట్టినందుకు 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌కు నోటీసు ఇచ్చాక ఈ విషయంలో చూపు ఇంకా పదునెక్కింది. ఓబీడీ ద్వారా సీవీఎన్ అనే, ఫైలు నుంచి లెక్క కట్టే సంఖ్యను అడిగితే ఫైలులో అంకెలు మారాయో లేదో బయటపడుతుంది. అసలు ఫైలు మళ్లీ రాసినా ఎన్నిసార్లు రాశారనే లెక్క చాలా ఈసీయూల్లో మిగిలే ఉంటుంది. ఆ మాటకొస్తే లాంబ్డా 0.94తో నడిపిన రోజున మీ డీపీఎఫ్‌లో చేరిన మసి గురించి ముందు ఆలోచించండి. దాన్ని శుభ్రం చేసుకునే ప్రక్రియ పూర్తయ్యేదాకా ఏ కొత్త ఫైలూ రాయకండి.

ఇంత చెప్పాక మీ మొదటి లాగ్‌కు వస్తాను. దాని మీద మీరు ఒక్క మాట కూడా రాయలేదు, నాకు మాత్రం అందులోనే జవాబు కనిపించింది. అప్పటికి మీరు బూస్ట్ మ్యాపును ముట్టుకోలేదు. 2,000 ఆర్‌పీఎం దగ్గర కోరినది 2,300, వచ్చినది 2,120. 2,400 దగ్గర 2,190. 2,900కి చేరాక గానీ రెండు గీతలూ కలవలేదు. టర్బో రెక్కల డ్యూటీ, అంటే వాటిని మూయమని ఈసీయూ ఇచ్చే ఆదేశం, ఆ మధ్యంతా గరిష్ఠంలో ఉంది. అంటే అసలు ఫైలుతోనే టర్బో అడిగినంత ఇవ్వలేకపోతోంది, ఈసీయూ చేయగలిగినదంతా చేస్తోంది. గాలి తక్కువ వేగంలో ఎక్కడో బయటికి పోతోంది, లేదా రెక్కలు మసిపట్టి పూర్తిగా కదలడం లేదు. మొదటిదే అయితే మీ పొగలో ఇంకో భాగానికి కూడా కారణం దొరికినట్టే. గాలిని కొలిచే మీటరు టర్బోకు ముందు ఉంటుంది. కొలిచాక గొట్టంలోంచి కారిపోయిన గాలిని కూడా ఈసీయూ సిలిండర్‌లోకి వెళ్లినట్టే లెక్కేసి దానికి తగ్గ డీజిల్ పోస్తుంది. లాగ్‌లోని ఆ 900 కూడా పూర్తిగా నమ్మదగినది కాదన్నమాట.

కాబట్టి మీ కుండకు కింది చిల్లు ఫైలులో లేదు. అసలు ఫైలు తిరిగి రాయండి. ఇంటర్‌కూలర్ గొట్టాలను రెండు చివరలా చేత్తో తడమండి. కీలు దగ్గర నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే గాలి కారేది అక్కడే. క్లిప్పులు బిగించండి. టర్బో రెక్కలను కదిపే యాక్చుయేటర్‌కు వెళ్లే సన్నటి వ్యాక్యూమ్ గొట్టాన్ని వంచి చూడండి, పగుళ్లు వంపులో బయటపడతాయి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడూ, నడుస్తున్నప్పుడూ యాక్చుయేటర్ కడ్డీ చివరిదాకా కదులుతోందో లేదో చూడండి. ఆ తర్వాత ట్రాఫిక్ లేని మూసి ఉన్న ట్రాక్ మీదో, బండి బలం కొలిచే డైనో మీదో మూడో గేరులో 1,500 నుంచి 4,000 దాకా ఒక్కసారి పూర్తిగా తొక్కి లాగ్ తీయండి. ఇంజిన్ వేగం, కోరిన బూస్ట్, వచ్చిన బూస్ట్, గాలి, ఇంధనం, రెక్కల డ్యూటీ, రైలు పీడనం చాలు. ఎక్కువ సంగతులు పెడితే లాగ్ నెమ్మదిస్తుంది, మధ్యలో జరిగేవి తప్పిపోతాయి. ఆ లాగ్‌లో రెండు గీతలు 2,000 దగ్గరే కలిశాయంటే పంపండి, 2,450 నుంచి మొదలుపెడదాం.